స్మృతి పరుగు: సైనికుల ఇళ్ళ ఆడవాళ్ళు, రాజ్యం, దుఃఖం

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధం, స్త్రీలు అనగానే మనం శరణార్థుల గురించి, అత్యాచారాల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. కానీ చనిపోయిన సైనికుడి ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళ గురించి మనకి మాటలు తక్కువ. వాళ్ళు రాజ్యం పక్షాన ఉన్నారేమో అన్న బెరుకు మనలో ఉంది. ఈరోజు వాళ్ళ గురించే, అందులోనూ ఒక చిన్న విషయం గురించి చెప్తాను. అమెరికాలో సైనికుల భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు పోయినవాళ్ళ పేరు మీద మారథాన్ పరుగెడతారు. 42 కిలోమీటర్ల పైచిలుకు. ఇదంతా దేశభక్తి తంతు అని కొట్టిపారెయ్యడం తేలికే. నాకు మాత్రం అందులో ఇంకేదో ఉందనిపిస్తుంది.

2009 ఆగస్టులో జాన్ హాలెట్ అనే కెప్టెన్ ఆఫ్ఘనిస్తాన్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయన భార్య లీసా హాలెట్ ముగ్గురు పిల్లల తల్లి. ఆఖరి బిడ్డ పుట్టి కొద్ది వారాలే అయింది. తండ్రి ఆ బిడ్డని చూడనేలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో వాళ్ళున్న సైనిక స్థావరం దగ్గర కొంతమంది ఆడవాళ్ళు కలిసి పరుగెత్తడం మొదలుపెట్టారు. అందులోంచి 2010లో ‘వేర్ బ్లూ: రన్ టు రిమెంబర్’ అనే సంస్థ పుట్టింది. పరుగుకి ముందు అందరూ వలయంగా నిలబడతారు. ఎవరి కోసం పరుగెడుతున్నారో ఆ పేరు ఒక్కొక్కరే పైకి చెప్తారు. తర్వాత కదులుతారు.

వాషింగ్టన్ నగరంలో 1976 నుంచి మెరైన్ కోర్ మారథాన్ జరుగుతోంది. గెలిచినవాళ్ళకి డబ్బు బహుమతి ఉండదు. ఆ దారిలో హెయిన్స్ పాయింట్ దగ్గర ఈ సంస్థవాళ్ళు ఒక మైలు మేర చనిపోయిన సైనికుల ఫోటోలు వరసగా నిలబెడతారు. ఆ తర్వాత జెండాలు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. అంతసేపూ అరుస్తూ, నవ్వుతూ వచ్చినవాళ్ళు అక్కడికి రాగానే మాట మానేస్తారు. కొందరు తమవాళ్ళ ఫోటో దగ్గర ఆగిపోతారు.

ఇందులో స్త్రీ శరీరానికి సంబంధించిన సంగతి ఒకటుంది. సైనిక లాంఛనాల అంత్యక్రియల్లో భార్య చెయ్యాల్సింది ఏమిటి? కూర్చోవడం. మడతపెట్టిన జెండా తెచ్చి చేతుల్లో పెడతారు, తీసుకోవాలి. మన దగ్గరా అంతే. తుపాకులు పేలుతుంటే చెరో పక్కా ఇద్దరు పట్టుకుని నిలబెడతారు. ఏడవచ్చు, స్పృహ తప్పి పడిపోవచ్చు, ఫోటోలకి అదే కావాలి. ఆ తర్వాత మన ఇళ్ళలో ఆమెని మూల కూర్చోబెడతారు, గడప దాటనివ్వరు. ఎదురొస్తే అపశకునం అంటారు. అలాంటి మనిషి నిక్కరూ బూట్లూ వేసుకుని, చెమటలు కారుతూ, ఆయన ఫోటో వీపుకి తగిలించుకుని నడివీధిలో పరుగెత్తడం అంటే మాటలు కాదు. అసలు ఆడవాళ్ళకి మారథానే పనికిరాదన్నారు కదా. 1967లో బోస్టన్ పరుగులో కాథరిన్ స్విట్జర్ ఒంటి మీది నంబరుని నిర్వాహకుడొకడు లాగెయ్యబోయాడు. 1972 దాకా అక్కడ ఆడవాళ్ళని అధికారికంగా రానివ్వలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ 1984లో గానీ రాలేదు.

ఇంకో సంగతి, నాకు ఎక్కువ ముఖ్యమైనది. పోయినవాడి మనిషి ఎవరో రాజ్యం తేలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు చూసి రావడానికి 1930 నుంచి 1933 దాకా అమెరికా ప్రభుత్వం తల్లుల్నీ భార్యల్నీ సొంత ఖర్చుతో యూరప్ పంపింది. నల్లజాతి తల్లుల్ని వేరే ఓడల్లో పంపింది. మళ్ళీ పెళ్ళి చేసుకున్న భార్యలకి అసలు చోటే లేదు. కొత్త మొగుడు రాగానే పాత దుఃఖం చెల్లిపోతుందని లెక్క. ఈ లెక్క పాతబడిపోలేదు. సైనికుడి భార్య 57 ఏళ్ళలోపు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే నెలనెలా వచ్చే పరిహారం ఆగిపోయేది. 2021లో ఆ వయసుని 55కి దించారు. మన దేశంలో చూడండి. శౌర్య పతకంతో పాటు వచ్చే భత్యం, 2017 నవంబరు దాకా, భర్త అన్నదమ్ముణ్ణి పెళ్ళి చేసుకుంటేనే ఆమెకి కొనసాగేది. బయటివాణ్ణి చేసుకుంటే పోయేది. అంటే డబ్బు ఆమెది కాదు, ఆ ఇంటిది. పైగా ఆమెకి ‘వీరనారి’ అని పేరు! మనకి రుద్రమదేవి వీరనారి. ఇక్కడ మొగుడు పోతే వస్తుంది ఆ బిరుదు.

పరుగులో ఈ లెక్కలు లేవు. వలయంలో నిలబడి పేరు చెప్పేవాళ్ళని కాగితాలు చూపించమనరు. పెళ్ళికాని ప్రియురాలూ, మళ్ళీ పెళ్ళయిన భార్యా, చెల్లెలూ ఒకే పేరు చెప్పొచ్చు. 1994లో బానీ కారల్ స్థాపించిన ‘టాప్స్’ అనే సంస్థ కూడా ఇలా పరుగెత్తే బృందాల్ని నడుపుతుంది. ఆమె భర్త యుద్ధంలో కాదు, 1992లో అలాస్కాలో సైనిక విమానం కూలి చనిపోయాడు. ఆ సంస్థ చావు ఎలా వచ్చిందని తేడా చూపదు. ఆత్మహత్య చేసుకున్న సైనికుల కుటుంబాలనీ కలుపుకుంటుంది. అమరుల జాబితాల్లో ఎక్కడా కనబడని ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి తమవాడి పేరు పైకి చెప్పుకునే చోటు దొరకడం చిన్న విషయం కాదు.

అలాగని నేను దీన్ని నెత్తిన పెట్టుకోను. ఆ మైలు పొడవునా అమెరికన్ల ఫోటోలే ఉంటాయి. అదే యుద్ధంలో పోయిన ఆఫ్ఘన్ తల్లులకీ పిల్లలకీ అక్కడ చోటు లేదు. వీళ్ళని అక్కడికి పంపిందెవరు, ఎందుకు అన్న ప్రశ్న ఆ దారిలో వినబడదు. జెండాలు పట్టుకున్న మనుషుల మధ్య ఆ ప్రశ్న వెయ్యడానికి గొంతు పెగలదు కూడా. నెలల తరబడి సాధన చెయ్యాలంటే పిల్లల్ని చూసేవాళ్ళుండాలి, తీరిక ఉండాలి, తెల్లవారుజామున ఆడది ఒంటరిగా వెళ్ళగల రోడ్డుండాలి.

మనకి మారథాన్లు కావాలని నేను అనడం లేదు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం ఉంది, ఇంటింటి నుంచీ సైన్యానికి పంపిన ఊరని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళు ఇంకా ఉన్నాయి. పని చేసే ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్ళు మీకు ఎదురవుతాయి. పింఛను పుస్తకం ఎవరి దగ్గరుంది, సంతకం ఎవరు పెట్టిస్తున్నారు, పిల్లల చదువు ఎవరు నిర్ణయిస్తున్నారు, మళ్ళీ పెళ్ళి మాట వచ్చినప్పుడు ఇంట్లో ఏం జరిగింది, ఇవి అడగండి. అత్తమామల ముందు కాదు, ఆమెని విడిగా కూర్చోబెట్టుకుని అడగండి. ఆయన గురించి కూడా అడగండి, ఆమె చెప్పాలనుకుంటే.