మేఘాల నడుమ పరీక్ష

అమెరికాలో మేఘాలలోనూ పొగమంచులోనూ పరికరాల ఆధారంతోనే విమానం నడిపే అర్హతను, అనగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగును, కోరే పైలట్ సాధారణంగా కనీసం 40 గంటల పరికరాధార అనుభవం గడించి, పరీక్షకుని ఎదుట మొదట మౌఖికంగా, పిదప గగనంలో తన సామర్థ్యాన్ని నిరూపించుకోవాలి.

బయటి దృశ్యం కనబడకుండా అభ్యర్థి తలకు హుడ్ అనే తొడుగు పెట్టినప్పటికీ, సాధారణంగా ఎత్తు 100 అడుగులకు, దిశ 10 డిగ్రీలకు, వేగం 10 నాట్లకు మించి తప్పరాదు. అన్నిటికన్నా కఠినమైనది, ప్రధాన పరికరాలు చెడినట్లు భావించి మిగిలినవాటితోనే రన్‌వేను సమీపించడం. ఎందుకంటే చూపు ఆసరా లేనప్పుడు లోపలి చెవి, విమానం ఒరుగుతున్నా సమంగా ఉన్నట్లు భ్రమింపజేస్తుంది, ఆ భ్రమను తోసిపుచ్చి సూచికలను నమ్మడమే ఈ విద్యకు ప్రాణం.

నిర్ణీత ఎత్తుకు దిగినా రన్‌వే ఆనవాళ్లు కనబడకపోతే వెంటనే పైకి లేవడాన్ని మిస్డ్ అప్రోచ్ అంటారు. పరీక్షలో దీనిని చేసి చూపడం తప్పనిసరి.