తేదీ చెప్పండి చాచా

(వార్షిక సమావేశంలో రక్తదాన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 మన రక్తదాన విభాగం పని గురించి పది నిమిషాలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఆ పని గురించి చెప్పాలంటే, గత షాబాన్ నెలలో అల్లాహ్ సన్నిధికి చేరిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఆమె వయసు 23 ఏళ్లు. ఇక్కడున్న వారిలో చాలామంది ఆమె గొంతు ఫోన్లో విన్నవారే. పేరు మాత్రం చెప్పను. చెప్పవద్దని వాళ్ల అమ్మ కోరారు. ఎందుకో తర్వాత మనవి చేస్తాను.

ఆమెది తలసీమియా మేజర్. ఒంట్లో సరైన హిమోగ్లోబిన్ తయారు కాదు. అందుకని ఏడాది కూడా నిండకముందు నుంచే బయటి రక్తం ఎక్కించాలి. మూడు వారాలకోసారి తల్లి ఆమెను తీసుకుని నల్లగొండ బస్టాండులో తెల్లవారుజామున బస్సెక్కేది, రాత్రికి హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చేది. ఎక్కించిన రెండు మూడు రోజులు పిల్ల గెంతులేసేది. మూడో వారం వచ్చేసరికి మేడ మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చునేది. "నేను పెట్రోల్ బండిని చాచా, ట్యాంకు నింపితే మూడు వారాలు నడుస్తా" అని తనే నవ్వేది.

రక్తం దొరికితే సరిపోతుందని నేనూ అనుకునేవాణ్ని. ఆమె లెక్క వేసి చూపించింది. ఒక్కో ప్యాకెట్‌తో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళ్తుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. మామూలు మనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి మూడు, నాలుగు గ్రాములు. ఆమెకు ఏడాదికి 35 ప్యాకెట్లు ఎక్కేవి, అంటే ఏడు గ్రాములు. అది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. దాన్ని తీయడానికి చిన్నప్పుడు రాత్రిపూట పొట్ట చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపుతో ఎనిమిది పది గంటలు మందు ఎక్కించేవారు. వారంలో ఐదు రాత్రులు అలాగే నిద్ర. తర్వాత మాత్రలు వచ్చాయి. అవి మానకుండా వేసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఆటో నడిపే తండ్రికి ఆ ఖర్చు ప్రతి నెలా అందేది కాదు. మాత్రలు ఆగిన నెలలు ఉన్నాయి. చివరికి ఆమెను తీసుకుపోయింది గుండె జబ్బే.

ఈ కష్టమంతా చెప్పి మీ చేత కన్నీళ్లు పెట్టించడం నా ఉద్దేశం కాదు. ఆమెకు అది అసలు గిట్టేది కాదు. ఒక పెళ్లిలో ఒక పెద్దావిడ ఆమె చెంప నిమిరి "పాపం, బిచారీ బచ్చీ" అన్నారట. ఈ పిల్ల ఊరుకోలేదు. "ఖాలా, మీ అబ్బాయిది ఏ గ్రూపు?" అని అడిగింది. ఆ అబ్బాయిది బి పాజిటివ్. తర్వాత ఆరుసార్లు వచ్చి రక్తం ఇచ్చాడు.

ఇంటర్ అయ్యాక మన ఆఫీసుకు వచ్చి, దాతల జాబితా తనకు ఇమ్మంది. అప్పటిదాకా మన దగ్గర ఉన్నది పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన ఒక పాత డైరీ. ఆమె ఒక పెద్ద అకౌంటు పుస్తకం కొనుక్కుని గళ్లు గీసింది. పేరు, గ్రూపు, చివరిగా ఇచ్చిన తేదీ, మళ్లీ ఇవ్వగలిగే తేదీ. మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు కలిపి ఆ తేదీ వేసేది. పక్కన ఇంకో గడి, ఎవరు ఏ వేళకు ఫోన్ ఎత్తుతారో రాయడానికి. మాంసం కొట్టు నడిపే సోదరుడికి మధ్యాహ్నం రెండు తర్వాత, మోటారు మెకానిక్‌కు జుమా రోజు, ఫలానా లెక్చరర్‌కు వాట్సాప్ మాత్రమే. ఎవరైనా "తప్పకుండా ఇస్తానమ్మా, ఇన్షా అల్లాహ్" అంటే వదిలేది కాదు. "తేదీ చెప్పండి చాచా" అనేది. ఆ మాటకు దొరకనివాడు నాకు తెలిసి ఈ పట్టణంలో లేడు.

మిలాదున్నబీ నాడు మనం పెట్టే శిబిరం మీకందరికీ తెలుసు. మంచి పనే, అది సాగాలి. అయితే ఆమె ఒక మాట అనేది. తీసిన ఎర్రకణాలను ఎంత జాగ్రత్తగా చల్లగా ఉంచినా 42 రోజులకు మించి నిల్వ ఉండవు. తలసీమియా పిల్లలకైతే రెండు వారాల లోపు తీసిన రక్తం మేలు. ఒకే రోజు వందమంది ఇచ్చి, ఆ తర్వాత మూడు నెలలు ఎవరూ ఇవ్వకపోతే ఆ పిల్లలు మధ్యలో ఏం చేయాలి? తలసీమియా వారికి రక్తం ఉచితంగా ఇవ్వాలనే నిబంధన ఉంది. ఫ్రిజ్‌లో ఉంటేనే కదా ఇచ్చేది. అందుకే వందమందిని ఒక రోజుకు పిలిచే బదులు, వారానికి ఇద్దరు ముగ్గురు చొప్పున ఏడాదంతా సర్దింది.

అన్నిటికంటే గడ్డు నెల రంజాన్. రోజాలో ఉన్నవారు రక్తం ఇవ్వడానికి వెనకాడతారు. మధ్యలో కొన్నేళ్లు రంజాన్ ఎండాకాలంలో పడింది. అప్పుడు కాలేజీలు మూసేసి ఉండేవి కాబట్టి విద్యార్థి దాతలూ దొరికేవారు కాదు. ఇక 2020 సంగతి వేరే చెప్పాలా? లాక్‌డౌన్‌లోనే రంజాన్ వచ్చింది. మన అంబులెన్సులో ఆమెను హైదరాబాద్ తీసుకెళ్తుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపారు. డ్రైవరు కాగితాలు వెతుకుతుంటే ఈ పిల్ల ముఖం బయటికి పెట్టి, "సార్, నా రంగు చూడండి, ఇదే నా పాస్" అందట. వదిలేశారు. తిరిగి వచ్చాక ఆ రాత్రే పుస్తకం తీసి మరుసటి వారానికి ఫోన్లు మొదలుపెట్టింది, తన కోసం కాదు, జిల్లాలోని మిగతా పిల్లల కోసం.

రోజాతో రక్తం ఇవ్వవచ్చా, కూడదా అనే మసాయిల్ జోలికి నేను వెళ్లను, దానికి ఉలమా ఉన్నారు. ఆమె తేలికైన దారి చూపింది. ఇఫ్తార్ చేసి, కడుపునిండా నీళ్లు తాగి, తరావీహ్ అయ్యాక రండి అంది. ఆ వేళకు బ్లడ్ బ్యాంకు వాళ్లను ఒప్పించే పని నాకు అప్పగించింది. ఈ ఏర్పాటులో ఆమెకూ కొంత స్వార్థం ఉండేది. మెహందీ బాగా పెట్టేది. చాంద్ రాత్ నాడు వాళ్ల గుమ్మం ముందు గల్లీ ఆడపిల్లలందరూ వరుస కట్టేవారు. దానికి రెండు రోజుల ముందు రక్తం ఎక్కకపోతే కోన్ పట్టుకోను ఓపిక ఉండదు. సూదులతో కమిలిన తన చేతుల మీద మాత్రం పెట్టుకునేది కాదు. నర్సులకు నరం కనపడదని.

ఇప్పుడు పేరు సంగతి. ఆమె తర్వాత ఒక చెల్లెలుంది, సంబంధాలు వస్తున్నాయి. అక్క జబ్బు తెలిస్తే చెల్లెలికి పెళ్లి కాదని తల్లి భయం. ఆ భయాన్ని నేను తప్పు పట్టను, మన మొహల్లాలు ఎలా మాట్లాడతాయో నాకు తెలుసు. కానీ జబ్బు ఎలా వస్తుందో తెలిస్తే ఆ మాటలు మారాలి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతేనే బిడ్డకు మేజర్ వస్తుంది, ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం. వాహకులకు జబ్బు ఉండదు, చాలామందికి తాము వాహకులమన్న సంగతే తెలియదు. ఒకరు వాహకులై రెండోవారు కాకపోతే పిల్లలకు తలసీమియా మేజర్ రాదు. దగ్గరి చుట్టరికాల్లో చేసుకున్నప్పుడు ఇద్దరూ వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది. మనలోనే కాదు, మేనరికాలు చేసుకునే ప్రతి ఇంట్లోనూ అంతే. ఈ అమ్మాయి తల్లిదండ్రులు మామూ కూతురు, ఫూఫీ కొడుకు.

హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. ఇరాన్ 1997లో పెళ్లికి ముందు తలసీమియా పరీక్షను తప్పనిసరి చేసింది, సౌదీ 2004లో. సౌదీలో పనిచేసి వచ్చినవారు ఈ సభలో డజను మందికి తక్కువ ఉండరు, అడిగి తెలుసుకోండి. పరీక్ష చేయించుకున్న అమ్మాయిలో లోపం వెతకడం కాదు, అబ్బాయినీ చేయించుకోమనడం మన పని. చెల్లెలికి పరీక్ష చేయించింది అక్కే. కాగితం ఏం చెప్పిందో అది ఆ ఇంటి సంగతి, నేను చెప్పను. జమాఅత్ పెద్దలకు నా విన్నపం ఒకటే. సంబంధం ఖాయం కాకముందే ఇరువైపులా ఈ పరీక్ష అడగడం మన దగ్గర ఆనవాయితీ చేయండి. పరీక్ష ఖర్చు భరించలేని ఇంటికి జకాత్ నిధి నుంచి ఇవ్వవచ్చా అన్నది ఉలమాను అడిగి నిర్ణయించండి.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. ఇక వచ్చే రంజాన్ సంగతి. మొదటి వారానికి, చివరి వారానికి పేర్లు పడ్డాయి. రెండో వారంలో బి పాజిటివ్ ఒకరు, మూడో వారంలో ఓ పాజిటివ్ ఇద్దరు కావాలి. చాంద్ రాత్ ముందు రెండు రోజులకు ఒక్కరూ లేరు. బయట మెట్ల పక్కన బల్ల వేశాం, ఆమె చెల్లెలే కూర్చుని రాస్తోంది. పేరు, గ్రూపు చెబితే ఆమె తేదీ అడుగుతుంది.

అల్లాహ్ మర్హూమాకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. వస్సలాం.