ఒడిలో మొదలయ్యే షడ్జం



న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి వెళ్లిన మూడో వారం. శనివారం పొద్దున్నే, "అమ్మా, ఇవాళ చిన్నాడి పాటల క్లాసులో నువ్వు కూర్చో. నాకు ఆఫీసు పనుంది, దింపేసి వెళ్తాను" అంది. నా మనవడికి అప్పటికి పదకొండో నెల. గోడ పట్టుకుని నిలబడుతున్నాడంతే. "అడుగు వెయ్యడం రానివాడికి సంగీతం క్లాసేమిటే?" అన్నాను. "వెళ్లి చూడు. అయితే ఒకటి, నువ్వు కూడా పాడాలి" అంది.

ఆ మాటకి నాకు గొంతు తడారిపోయింది. ఎందుకో చెబుతాను. నేను ఆరో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవానికి ప్రార్థన గీతం నేర్పుతూ ఒక టీచరుగారు నా దగ్గర ఆగి, "నువ్వు పెదాలు కదుపు చాలు, గొంతు కలపకు" అన్నారు. ఆవిడకి సాయంత్రానికల్లా ఆ మాట గుర్తుండి ఉండదు. నేను మాత్రం యాభై ఏళ్లు పెదాలే కదిపాను. పేరంటాల్లో మంగళహారతికీ అంతే, గుళ్లో భజనకీ అంతే. మా అమ్మాయిని ఉయ్యాల్లో వేసి ఊపేటప్పుడు కూడా పక్కన టేప్ రికార్డరు పెట్టేదాన్ని. ఇంట్లో పాటకి లోటేమీ లేదు. మా నాన్నగారికి త్యాగరాజ కీర్తనలంటే ప్రాణం. ఏ రాగమో చెవికి తెలుసు, నోరు మాత్రం పెగలదు.

క్లాసు ఒక చర్చి వెనక హాల్లో. నేల మీద తివాచీ పరిచారు. దాని చుట్టూ పది కుటుంబాల దాకా గుండ్రంగా కూర్చున్నాం. తల్లులు, తండ్రులు, నాలాంటి అమ్మమ్మలు ఇద్దరు. మూడు నెలల పసికందు దగ్గర్నుంచి నాలుగేళ్ల పిల్ల దాకా అందరూ ఒకే చోట. బల్లా లేదు, నోటుపుస్తకమూ లేదు. టీచరు పలకరింపు పాట అందుకుంది. ఆ పాటలో ఒక్కొక్క బిడ్డ పేరూ వస్తుంది. మావాడి పేరు వచ్చేసరికి వాడు నోట్లో వేలు తీసి టీచరు మొహం కేసి చూశాడు.

పావుగంట గడిచేసరికి రెండేళ్ల పిల్లాడొకడు వలయం వదిలేసి కిటికీ దగ్గరికి పోయాడు. వాళ్ల నాన్న లేచి పట్టుకురాబోతే టీచరు వద్దంది. "వాడు వింటున్నాడు. మీరు పాడుతూ ఉండండి" అంది. అక్కడ పిల్లల్ని పాడమని ఎవరూ అడగరు. తప్పు పాడినా దిద్దరు. అడిగేదంతా పెద్దవాళ్లనే. పక్కవాళ్లతో కబుర్లు వద్దు, ఫోను సంచీలో పెట్టండి, మీకెలా వస్తే అలా గొంతెత్తండి అంటారు. కాసేపటికి నాకు అర్థమైంది. పేరు పిల్లలది, పాఠం మాది.

ఈ తరగతి పేరు మ్యూజిక్ టుగెదర్. పుట్టిన ఊరు ఆ రాష్ట్రంలోనే ఉన్న ప్రిన్స్‌టన్. కెన్నెత్ గిల్‌మార్టిన్ అనే స్వరకర్త 1985లో అక్కడ పసిపిల్లల సంగీతం కోసం ఒక కేంద్రం పెట్టారు. లిలీ లెవినోవిట్జ్ అనే ఆచార్యురాలితో కలిసి 1987లో ఈ తరగతులు మొదలుపెట్టారు. వీటి వెనకున్న ఆలోచనలో చాలా భాగం ఎడ్విన్ గోర్డన్ గారిది. సంగీతంలో పిల్లల శక్తిని కొలవడం మీదే ఆయన జీవితమంతా పనిచేశారు. ప్రతి బిడ్డకీ పుట్టుకతో ఎంతో కొంత సంగీత శక్తి ఉంటుందనీ, చుట్టూ వినబడే దాన్నిబట్టి తొమ్మిదేళ్ల వయసు దాకా అది పెరగనూ వచ్చు, తరగనూ వచ్చుననీ ఆయన చెప్పారు. తెలుగు రావాలంటే ముందు తెలుగు వినాలి, తర్వాత తప్పులతో పలకాలి, వ్యాకరణం ఎప్పుడో ఆ తర్వాత. సంగీతమూ అంతేనంటారు.

ఇప్పుడు నన్ను కట్టిపడేసిన సంగతికి వస్తాను. ఒక పాట అయిపోగానే టీచరు వెంటనే రెండోది ఎత్తుకోలేదు. ఆ పాట ఏ స్వరం మీద నిలిచిందో ఆ స్వరాన్ని మెల్లగా పట్టి ఆపింది. మనం ఆధార షడ్జం అంటామే, అదే. హాలంతా నిశ్శబ్దం. నా ఒళ్లో ఉన్నవాడు "ఊ" అన్నాడు. అదే స్వరం. యాదృచ్ఛికమనుకున్నాను. మరుసటి శనివారం మళ్లీ అన్నాడు. టీచరుని అడిగితే, ఈ వయసు పిల్లలు తరచూ ఇలా శ్రుతి కలుపుతారనీ, మనం ఆగి వినం కాబట్టి వాళ్లు అలా కలుపుతారని మనకి తెలియదనీ చెప్పింది.

ఇంకో పాట వినబడగానే నేను ఉలిక్కిపడ్డాను. అచ్చం ఖరహరప్రియ స్వరాలు! పాశ్చాత్యులు డోరియన్ అనే వరసా మన ఖరహరప్రియా ఒకే మెట్ల మీద నడుస్తాయి. వాళ్ల మిక్సొలిడియన్ మన హరికాంభోజి. పిల్లల పాటలు కదా అని తేలికైన వరసలే పెట్టకుండా, ఈ తరగతుల్లో రకరకాల స్వరస్థానాల పాటలు ఏరి పెట్టారు. తాళాలూ అంతే. నాలుగు దెబ్బల నడకతో పాటు అయిదు, ఏడు దెబ్బల పాటలూ ఉన్నాయి. పక్కనున్న అమెరికన్ తండ్రి ఏడు లెక్కకి చప్పట్లు తప్పిపోతూ ఇబ్బంది పడుతుంటే, నా చెయ్యి దానంతట అదే తకిట తకధిమి వేసింది. మిశ్రచాపు. గురజాడవారి ముత్యాల సరం నడిచేది కూడా ఈ మూడూ నాలుగూ నడకలోనే. యాభై ఏళ్లలో మొదటిసారి నా గొంతు నలుగురి గొంతులతో కలిసింది ఆ పాట దగ్గరే. ఎవరూ నా వైపు తిరిగి చూడలేదు.

ఏడు దెబ్బల పాట పసివాళ్లకెందుకు అనిపించవచ్చు. ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో ప్రచురించిన పరిశీలనలు ఉన్నాయి. బాల్కన్ దేశాల జానపద సంగీతంలో ఇలాంటి బేసి నడకలు ఎక్కువ. ఉత్తర అమెరికాలో పెరుగుతున్న ఆరు నెలల పిల్లలకి ఆ పాటలు వినిపించి, మధ్యలో లయ చెడగొడితే వాళ్లు ఆ తేడా పట్టుకున్నారు. సంవత్సరం నిండిన పిల్లలు పట్టుకోలేకపోయారు. అంతకాలమూ ఇంట్లో విన్న లయకే వాళ్ల చెవి అలవాటు పడిపోయింది. అయితే ఆ ఏడాది పిల్లలకి రెండు వారాలు ఇంట్లో ఆ సంగీతం వినిపిస్తే మళ్లీ పట్టుకున్నారు. పెద్దవాళ్లకి వినిపిస్తే అంత సులువుగా రాలేదు. అంటే తలుపు మూసుకుపోవడం మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది, కానీ కాస్త తోస్తే తెరుచుకునే వయసూ అదే.

ఇంకా వెనక్కి వెళ్దాం. 2009లో ఇస్త్వాన్ వింక్లర్, ఆయన సహచరులు రెండు మూడు రోజుల పసిగుడ్లు నిద్రపోతుండగా డ్రమ్ము లయ వినిపించారు. అప్పుడప్పుడు సమం పడాల్సిన చోట దెబ్బ వెయ్యకుండా వదిలేశారు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా పిల్లల మెదడు తేడా చూపించింది. ఇక 1980లోనే డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు, మూడు రోజులైనా నిండని పిల్లలు పాలపీక చీకే తీరు మార్చుకుని మరీ తల్లి గొంతు వినాలని చూస్తారని తేల్చారు. గమనించండి, వాళ్లు కోరుకున్నది మంచి గొంతుని కాదు, అమ్మ గొంతుని. ఇది చదివిన రాత్రి, నేను ఉయ్యాల పక్కన పెట్టిన టేప్ రికార్డరు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు.

ఆ న్యూజెర్సీ క్లాసులో చేసేదంతా మనకి తెలియనిదేమీ కాదు. మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఊపడం, తారంగం ఆడించడం, చెమ్మచెక్కలు, ఒప్పులకుప్పలు, గుడుగుడుగుంచం... ఇవన్నీ సంగీత పాఠాలే. ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో న్యాయపతి రాఘవరావుగారూ కామేశ్వరిగారూ రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల్ని మైకు చుట్టూ చేర్చి ఆడించి పాడించారు. తర్వాత హైదరాబాదులో బాలానంద సంఘం నడిపారు. ఆ తరం వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేముంది! అలాగని పద్ధతిగా నేర్చుకునే సంగీతాన్ని తక్కువ చెయ్యడం లేదు, సరళీ స్వరాల మీద నాకు అపారమైన గౌరవం ఉంది. మాయామాళవగౌళతో మొదలుపెట్టించిన పురందరదాసులవారికి దణ్ణం పెడతాను. కానీ అయిదారేళ్ల పిల్లని గురువుగారి ముందు కూర్చోబెట్టేసరికి ఆ పిల్ల చెవిలో అప్పటికే వేలకొద్దీ పాటలు ఉండేవి, ఇంట్లో నలుగురూ పాడేవాళ్లు కాబట్టి. ఇప్పుడు ఫోనులో పాట పాడుతుంది గానీ, బిడ్డ "ఊ" అంటే తిరిగి "ఊ" అనదు.

విజయవాడ తిరిగొచ్చాక మా అపార్టుమెంటు సెల్లారులో ఆదివారం పొద్దున ఎనిమిదింటికి చాపలు పరవడం మొదలుపెట్టాం. రుసుము లేదు. షరతు ఒక్కటే, బిడ్డతో పాటు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు కూర్చుని పాడాలి. ఖాళీ ప్లాస్టిక్ సీసాల్లో గుప్పెడు పెసలు పోసి, మూత బిగించి, గట్టిగా టేపు చుట్టి గిలక్కాయలు చేశాం. కోలాటం కోలలు పొట్టిగా కోయించాం. స్టీలు పళ్లెం, చెక్క గరిటె ఎలాగూ ఉన్నాయి. మొదటి రెండు వారాలూ పాటలకి వెతుక్కున్నాం. సినిమా పాటలు తప్ప ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు. మూడో వారం మా వాచ్‌మన్ భార్య చంటిదాన్ని చంకనేసుకుని మెట్ల దగ్గర నిలబడి చూస్తోంది. శ్రీకాకుళం వైపు పిల్ల. "నీకేమన్నా వచ్చామ్మా?" అంటే, "నాట్లేసినప్పుడు పాడుకునేవి వచ్చండి, అయ్యి పనికొత్తాయా?" అంది. కూర్చోమన్నాం. పల్లవి విన్నామో లేదో, తకిట తకధిమి అని నా చెయ్యి మళ్లీ తొడ మీద పడింది. అక్కడి నుంచి ఆదివారాలు ఆమే నడిపిస్తోంది. నేను పక్కన కూర్చుని వంత పాడతాను. ఆమె పాడుతుంటే పిల్లలు ఆమె నోటి కేసే చూస్తారు.

పోయిన నెల వీడియో కాల్‌లో మనవడు నిద్రకి మారాం చేస్తుంటే, ఆమె దగ్గర నేర్చుకున్న జోల ఒకటి పాడాను. నా గొంతు మధ్యలో ఒకచోట జీరబోయింది, మళ్లీ అందుకున్నాను. వాడు రెండో చరణంలోనే నిద్రపోయాడు. ఫోను దింపుతారనుకుని చూస్తున్నాను. తెర మీద వాడి మొహం పక్కకి జరిగి మా అమ్మాయి మొహం వచ్చింది. "ఇంకోసారి పాడమ్మా" అంది.

మళ్లీ పాడాను.