వయసు, రాయి, త్రాడు
(మన సంఘ భవనమున ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో నూలు ధరలనుగూర్చియో, పిల్లల తెలుగు చదువునుగూర్చియో మాటలాడు మమ్ము, ఈసారి కార్యదర్శిగారు "మీ కోతివిద్యనుగూర్చి చెప్పుడు" అని కోరిరి. కోతివిద్య యనగా రాళ్ళెక్కుట. భవానీ పేటలో నూలు దుకాణము నడుపుకొను మనిషి, 48 ఏండ్లవాడు, నడుమునకు త్రాడు కట్టుకొని నిలువురాతిని ప్రాకుచున్నాడన్న సంగతి మన పేటలో దాగునది కాదు. మా వెనుక జరుగు పరిహాసములన్నియు మా చెవికి చేరుచునే యున్నవి. వానిని మేమే ముందుగా చెప్పుకొన్నచో కొంత పరువైనను దక్కునని తలచి ఒప్పుకొంటిమి.

26 ఏండ్ల క్రిందట మెట్రిక్ చదువు ముగించి దుకాణపు గద్దెపై కూర్చున్న మేము బేరముమీద పూనాకు పోయితిమి. అచ్చటి మిత్రుడొకడు మమ్ము సింహగడ్ కోటకు తీసికొనిపోయెను. 1670 ఫిబ్రవరిలో తానాజీ మాలుసరే తన మావళులతో రాత్రివేళ ఆ కొండచరియ నెక్కి, కోటను గెలిచి, ప్రాణము లర్పించిన కథ మరాఠీ బడిలో చదివిన మనవారందరికిని కంఠస్థమే. ఉడుము నడుమునకు త్రాడు కట్టి పైకి విడిచి, ఆ త్రాటిని పట్టుకొని యెక్కిరని జనులు చెప్పుకొందురు. ఆ చరియ క్రింద నిలువబడి తలయెత్తి చూచిన క్షణమున మాకు కలిగిన మొదటి ఆలోచన వీరత్వమునుగూర్చి కాదు; ఉడుము ఎన్ని శేర్ల బరువు మోయగలదని. వర్తకుని బుద్ధి అట్టిది. ఉడుమును నమ్మినవారు మహావీరులు. మేము నూలును నమ్మిన వంశమువారము. కావున త్రాటినుగూర్చి విచారించి, తరువాతనే రాతిపై చేయి వేసితిమి.

ఆ త్రాటి సంగతి మన పద్మశాలీలకు చెప్పదగినది. పూర్వము జనుపనారతో పేనిన మోకులు వాడెడివారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున నైలాను వచ్చెను. 1953లో జర్మనీలో ఒక సంస్థ లోపల పోగుల కట్టయు, పైన అల్లిన తొడుగును గల త్రాటిని తయారుచేసెను. నేటికిని కొండలెక్కువారు వాడునది ఆ జాతి త్రాడే. లోపలి పోగులు బరువు మోయును. పై తొడుగు రాతి రాపిడినుండి వానిని కాపాడును. మనిషి పడినప్పుడు త్రాడు కొంత సాగి దెబ్బను తాను పుచ్చుకొనును. సాగనిదైనచో త్రాడు తెగకున్నను నడుము విరుగును. ఇంటి పెద్దకు గూడ ఈ గుణమే యుండవలెనని మా యింటివారి యభిప్రాయము.

అసలు వాడకున్నను పదేండ్లు దాటిన త్రాటిని పారవేయవలెనని తయారుచేయువారు వ్రాయుదురు. ఒకనాడు మా యింటావిడ ఆ కాగితమును చదివించుకొని, "తాడుకే పదేండ్లకు పింఛను ఇస్తరట. మరి మీకెప్పుడు?" అని యడిగినది. దానికి సమాధానము ఇంకను వెదకుచున్నాము.

ఇక వయసు సంగతి. ఇరువదిరెండేండ్ల నాడు మేము రాతిని చేతులతో లాగుకొని యెక్కెడివారము. పైకి పోవుట యనగా బలము చూపుట యనుకొంటిమి. ముప్పది దాటినపిదప కండబలము కొద్దికొద్దిగా తగ్గును. వ్రేళ్ళలోని స్నాయువులకు రక్తప్రసారము తక్కువ కావున అవి నొచ్చినచో మానుటకు నెలలు పట్టును. ఇరువదేండ్లవాని నొప్పి ఆదివారము వచ్చి బుధవారము పోవును. మా నొప్పి దసరాకు వచ్చిన చుట్టమువలె సంక్రాంతి దాకా ఉండును. అదిగాక, రాతికిని మాకును నడుమ బొజ్జ యను దళారి ప్రవేశించినాడు. దళారి ఉన్నచోట బేరము దూరమగునని వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు. పూర్వము రాతిని కౌగిలించుకొని నిలిచెడివారము. ఇప్పుడు ఆ దళారి మమ్ము నాలుగు అంగుళములు వెనుకకు నెట్టుచున్నాడు.

వయసు తీసికొనిన దానికి బదులు ఇచ్చినది కూడ కలదు. ఆ పాఠమును మేము భువనగిరిలో నేర్చితిమి. మన పూర్వులు తెలంగాణమునుండి మగ్గములతో, పిల్లలతో ఈ షోలాపురమునకు వచ్చినవారు. వారు వచ్చిన త్రోవలో భాషయే గాక రాయి కూడ మారినది. సహ్యాద్రి నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట ద్రవరూపమున పారి, పొరలు పొరలుగా గడ్డకట్టినది. దానికి మెట్లవంటి పట్టులుండును గాని, అవి ఊడి చేతికి వచ్చును. తట్టి చప్పుడు విని నమ్మవలెను. తెలంగాణపు గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల ఏండ్లవి. అవి నున్నన, పట్టు దొరకదు, పాదము అంటుకొనునన్న నమ్మకముతోనే నిలువవలెను.

భువనగిరి కోట హైదరాబాదునుండి వరంగల్లు పోవు త్రోవలో సుమారు 50 కిలోమీటర్ల దూరమున, 500 అడుగులకు మించిన ఏకశిలపై నున్నది. పశ్చిమ చాళుక్య రాజైన త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరే ఆ యూరికి వచ్చినది. ఇప్పుడచ్చట రాళ్ళెక్కుట నేర్పు బడి గలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ ఆ బండపైననే శిక్షణ ప్రారంభించి, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకముందే ఎవరెస్టు శిఖరమున నిలిచెను. ఖమ్మము జిల్లా బాలుడు ఆనంద్ కుమార్ ఆమెతో కూడ ఎక్కెను.

మేము నలువదవ ఏట ఆ బండకు పోయితిమి. పదునాలుగేండ్ల లావు సామర్థ్యము మాకున్నదని మా నమ్మకము. ముప్పదడుగులెక్కి చేతులు వణకుచుండగా, క్రిందనుండి త్రాడు పట్టిన కుర్రవాడు, "తాతా, చేతులతోటి కాదే, కాళ్ళతోటి ఎక్కు!" అని కేకవేసినాడు. ఆ మాటతో మా పాదము జారినది. త్రాడు మమ్ము పట్టినది. కాని "తాతా" అన్న పిలుపునుండి పట్టు త్రాడు ఏ కార్ఖానాలోను తయారు కాలేదు. మాకు మొట్టమొదట ఆ పిలుపు దక్కినది ఆ బండమీదనే. క్రిందికి దిగి, నీరు త్రాగి, ఆలోచించి చూడగా కుర్రవాడు చెప్పినది సత్యమని తోచెను. రెండవసారి చేతులను రాతిపై ఊరక ఆనించి, కాళ్ళపై నిలిచి, ప్రతి యడుగునకును ముందు చూచి, శ్వాస తీసికొని యెక్కితిమి. పడిన చోటు దాటినప్పుడు అది అంత కష్టమైనదిగా తోచలేదు.

నాటినుండి మాకు క్రొత్త సుఖములు తెలిసివచ్చినవి. బిగుతు బూట్లు మానివేసి ఒక అంకె పెద్దవి కొంటిమి, కాలివ్రేళ్ళు ఆశీర్వదించినవి. పూర్వము రాతి నడుమ నున్న అరుగులు మాకు కనబడెడివి కావు. ఇప్పుడు ప్రతి యరుగును ధర్మసత్రమే. అచ్చట కూర్చుండి గాలి పీల్చి, గ్రద్ద మనకంటె దిగువన తిరుగుచుండగా చూచుట ఎంతటి భాగ్యమో యౌవనమున తెలియలేదు. సింహగడ్ పైన పిఠ్ల, భాకరి, మట్టి ముంతలో పెరుగు తినుటకే ఎక్కుచున్నారని మమ్ము ఆక్షేపించువారు గలరు. ఆ యాక్షేపణను మేము ఖండింపము.

ఇంతవరకు నవ్వులాట. ఇక నవ్వరాని సంగతి యొకటి చెప్పవలసి యున్నది. అది చెప్పుటకే మేమీ వేదిక నెక్కితిమి.

నలుబదేండ్లకు చత్వారము వచ్చునని మీరెరుగుదురు. దూరమున నున్న శిఖరము కనబడును. బొజ్జకు ముందున్న ముడి మసకగా నుండును. గడచిన చలికాలమున ఒక ఉదయము, సహ్యాద్రిలో నొక చరియ క్రింద మేము నడుము పట్టీకి త్రాడు కట్టుకొనుచుంటిమి. ఆ త్రాటికి ఎనిమిదంకె ముడి వేయుదురు. మొదట ఒంటి ముడి వేసి, కొసను నడుము పట్టీలో దూర్చి, ముడి నడచిన దారినే తిరిగి నడిపింపవలెను. అదే సమయమున టెలిఫోను మ్రోగినది. కల్యాణ మంటపపు తేదీనిగూర్చి మన పేటలో రెండు కుటుంబములకు వచ్చిన తగవు. పెద్దమనిషితనము కొండలో గూడ మమ్ము విడువదు. తీర్పు చెప్పితిమి, టెలిఫోను జేబులో వేసితిమి, రాతిపై చేయి వేసితిమి.

"కాకా, ఆగుండ్రి" అని వినబడినది. మాతో వచ్చిన పిల్లలలో అందరికంటె చిన్నది, పదునారేండ్ల బాలిక. తండ్రి టవళ్ళ కార్ఖానాలో పని చేయును. తల్లి బీడీలు చుట్టును. "ముడి సగమే ఉన్నది, కాకా."

సభాసదులారా, ఆ క్షణమున మా నోట వచ్చిన మాట మాకు సిగ్గు కలిగించునదే యైనను చెప్పుచున్నాము. "ఇరవై ఆరేండ్ల సంది కడుతున్న బిడ్డా. నాకు చెప్తవా?" అంటిమి. పదిమంది పిల్లలెదుట అంటిమి. ఆమె మారు పలుకలేదు. అట్లని ప్రక్కకును తొలగలేదు. మా త్రాటిని పిడికిట పట్టుకొని నిలిచినది. అప్పుడు కండ్లద్దములు పెట్టుకొని చూచితిమి. కొస పట్టీలో దూరియున్నది, తిరిగి నడువలేదు. నలుబదడుగుల పైన త్రాటిపై వ్రాలియుంటిమా, అది చప్పుడు లేకుండ జారి వచ్చియుండును. మగ్గముపై తెగిన పోగును దూరమునుండియే కనిపెట్టు కన్ను ఆమెకు తండ్రినుండి వచ్చినది కాబోలు.

ఇట్టి పొరపాటు అనుభవము లేనివారు చేయునది కాదు. క్రొత్తవాడు భయముతో ముడిని మూడుసారులు చూచును. అమెరికా దేశపు లిన్ హిల్ అను మహిళ ప్రపంచ ప్రసిద్ధురాలు. ఆమె 1989లో ఫ్రాన్సులో ముడి పూర్తి చేయుట మరచి యెక్కి, 70 అడుగుల పైనుండి పడెను. చెట్టు కొమ్మలడ్డుపడి బ్రదికెను. తిరిగి కోలుకొని, 1993లో కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్ అను మహాశిలపై నున్న నోస్ అను త్రోవను, ఎక్కుటకు మేకులపై ఆధారపడక తన చేతులతో కాళ్ళతో ఎక్కిన మొదటి వ్యక్తి యయ్యెను. ఆమెకు దొరికిన చెట్టు మాకు దొరకునన్న పూచీ లేదు. మాకు దొరికినది ఒక ఆడపిల్ల.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చావును తలచి కాదు. ఆ పిల్ల మా కోపమునకు జంకి ప్రక్కకు తొలగియున్నచో ఏమి యగునని. పెద్దలకు చెప్పరాదని పిల్లలకు నేర్పినవారము మనమే గదా. మన యిండ్లలో, దుకాణములలో, ఈ సంఘములో గూడ "ఇన్నేండ్లనుండి చేయుచున్నాము" అను మాటతో ఎన్ని సగపు ముడులు దాటిపోవుచున్నవో! మరునాడు ఆ బాలిక యింటికి పోయి, ఆమె తల్లిదండ్రుల యెదుట మా తప్పును ఒప్పుకొంటిమి. తల్లి చాయ ఇచ్చి, "దానికి నోరెక్కువ, అన్నా" అని నొచ్చుకొన్నది. "ఆ నోరే నన్ను ఇంటికి తెచ్చింది, చెల్లె" అని చెప్పి వచ్చితిమి.

నాటినుండి మా జట్టులో నియమ మొకటి ఏర్పడినది. అందరికంటె పెద్దవాని ముడిని అందరికంటె చిన్నవాడు చూడవలెను. చేతితో తాకి చూచి, పైకి చెప్పవలెను. ముందు ఎక్కు పనిని గూడ ఆ బాలికకే ఒప్పగించితిమి. మేము రెండవ వారమై, పైనుండి ఆమె పట్టిన త్రాటిపై ఎక్కుచున్నాము. మొదట గద్దె దిగినట్లుండెను. తరువాత తెలిసినది, ముందుపోవువానికి రాయి మాత్రమే కనబడును. వెనుకవచ్చువానికి రాయియు, పైన నవ్వుచున్న పిల్లయు కనబడుదురని.

వయసు మీరినవారు ఎంతవరకు ఎక్కవచ్చునని కొందరడుగుచుందురు. 2008 మే 25న నేపాలువారు మిన్ బహదూర్ షేర్చన్ 76వ ఏట ఎవరెస్టు నెక్కిరి. మరునాడే జపానువారు యూయిచీరో మియురా 75వ ఏట ఎక్కిరి. ఒక్క దినము, ఒక్క ఏడు తేడాతో రికార్డు తప్పినది. మియురాగారు పట్టు విడువక 2013లో 80వ ఏట మరల ఎక్కి, దిగునప్పుడు కొంత దూరము హెలికాప్టరు సాయము పుచ్చుకొనిరి. మోకాళ్ళ బాధ తెలిసిన వారెవరును దానిని తప్పుపట్టరు. దానిని మించ తలచి 2017లో 85వ ఏట తిరిగి బయలుదేరిన షేర్చన్‌గారు కొండ పాదముననే కన్నుమూసిరి. అదే 2017లో స్విట్జర్లాండువారు మార్సెల్ రెమీ 94వ ఏట, కుమారుని తోడుగా, తమ దేశమున ఆర్జెంటీన్ అను పెద్ద సున్నపురాతి పలక నెక్కి క్షేమముగా దిగిరి. మాకు రికార్డు వలదు; రెమీగారి త్రోవ చాలును.

ఇంకొక పేరును తలవక ముగింపరాదు. నెల్లూరు జిల్లావారైన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను 172 దినములలో నెక్కి, 2015లో ఆండీస్ పర్వతములలో నలుబదేండ్లకే మరణించిరి. ఈ విద్యలో ముసలితనము లోపము కాదు. చాలమందికి అందని బహుమానము. మోకాలు నొచ్చినప్పుడెల్ల మేమీ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుచున్నాము. అప్పటికిని నొచ్చుచునే యున్నది. అది వేరు సంగతి.

వచ్చు ఆదివారము ఉదయము 5 గంటలకు మా దుకాణము ఎదుటనుండి బండి బయలుదేరును. తుళజాపురము దగ్గర బాలాఘాట్ కొండలలో చిన్న రాతిగట్టున పిల్లలకు నేర్పుదుము. పిల్లలు తల్లిదండ్రుల అనుమతిపత్రము తేవలెను. నలువది దాటినవారు ఇంటివారి అనుమతియు, కండ్లద్దములును తేవలెను. ముడులు చూచుటకు మా చిన్నది అచ్చట నుండును.

సెలవు.