మన వీధి ఎవరి వైపు?

సంఘం వార్షికోత్సవంలో రాజకీయం ఎందుకయ్యా అని ఇందాక ఒక పెద్దాయన అడిగినారు. నేను ఏ పార్టీ మాటా చెప్పటం లేదన్నా. మనం ఓటు ఎట్లా వేస్తున్నామో, అంతవరకే మాట్లాడతాను.

ఎలక్షన్ వస్తే చాలు, మగ్గాల వీధి ఎవరి వైపు అని అడుగుతారు. మన మూడు ఊళ్లలో ఏ వీధైనా ఎప్పటికీ ఒకే వైపు ఉందా? బాగేపల్లిలో 1994లో, మళ్లీ 2004లో ఎర్రజెండా గెలిచింది. సి.పి.ఎం. జి.వి. శ్రీరామరెడ్డిగారిని మరిచిపోయినవాళ్లు లేరు. అదే బాగేపల్లి 2013లో ఇండిపెండెంటుగా నిలబడిన సుబ్బారెడ్డిగారిని గెలిపించింది. 2018లో, 2023లో ఆయనే, కాంగ్రెస్ గుర్తు మీద. చింతామణిలో పార్టీ కన్నా మనిషే లెక్క. 2004, 2008లో ఎం.సి. సుధాకర్‌గారు, తర్వాత రెండుసార్లు జె.డి.ఎస్. కృష్ణారెడ్డిగారు, 2023లో మళ్లీ సుధాకర్‌గారు. చిక్కబళ్లాపురంలో ఇంకో సుధాకర్‌గారు. (ఇద్దరూ డాక్టర్లే, బయటి ఊరివాళ్లు తికమక పడతారు!) ఆయన కాంగ్రెస్‌లో రెండుసార్లు, 2019 ఉపఎన్నికలో బి.జె.పి. నుంచి గెలిచి, 2023లో ప్రదీప్ ఈశ్వర్‌గారి చేతిలో ఓడినారు.

అంటే 2023లో మూడు చోట్లా కాంగ్రెస్. ఏడాది తిరిగి పార్లమెంటు ఎలక్షన్ వచ్చేసరికి చిక్కబళ్లాపురం సీటు బి.జె.పి.కి, కోలారు సీటు జె.డి.ఎస్.కు పోయినాయి. చింతామణి ఉండేది మన జిల్లాలోనే, ఎంపీ ఓటు మాత్రం కోలారుకు. మన ఆడబిడ్డను చింతామణికి ఇస్తే ఆమె ఎంపీ వేరు, మన ఎంపీ వేరు. పద్మశాలి, తొగట, దేవాంగ అని ముందే విడిపోయినాము, పైన ఈ గీతలు. ఏ సీటులోనూ మన లెక్క ఒక్కచోట కనబడదు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దించినారు. ఆ ఏడు నవంబరులో అసెంబ్లీ ఎలక్షన్, నాకు మొదటి ఓటు. అప్పుడు నేను కూలిమగ్గం నేస్తున్నాను. యజమాని దగ్గర మా నాయన తీసుకున్న బాకీ ఉండేది. ముందురోజు సాయంత్రం ఆయన మగ్గం గుంత పక్కన నిలబడి, ఫలానా గుర్తు అని చెప్పి పోయినాడు. బెదిరించలేదు, తిట్టలేదు. చెప్పినాడు, అంతే. మేము నలుగురం పోయి అదే గుర్తు మీద ముద్ర వేసి వచ్చినాము. వేరేదానికి వేస్తే ఆయనకు తెలుస్తుందని మా అమ్మ నిజంగా నమ్మింది. ఇప్పుడు కూడా ఆ నమ్మకం మన ఇళ్లలో ఉంది, లేదనకండి. మిషన్ వచ్చినాక ఇంకా గట్టిపడింది.

తెలిసేది ఏమి, తెలియనిది ఏమి? నీ ఓటు ఎవరికీ తెలియదు. బాకీ ఇచ్చినవాడికీ తెలియదు, నోటు ఇచ్చినవాడికీ తెలియదు. కానీ బూతు లెక్క అందరికీ తెలుస్తుంది. ఫలితాలు వచ్చినాక ఫారం 20 అని ఒక పట్టీ వేస్తారు, ఏ బూతులో ఎవరికి ఎన్ని ఓట్లో వరుసగా ఉంటుంది. లీడర్లు దాన్ని ముందర పెట్టుకునే మన వీధి వాడు, మన వీధి కాడు అని మాట్లాడతారు. మనం మాత్రం దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఎలక్షన్ ఆఫీసు వెబ్‌సైటులో ఉంటుంది. వెనక నిలబడిన తమ్ముళ్లూ, 2023ది, 2024ది రెండూ దించి పక్కపక్కన పెట్టండి. మన బూతు ఎంత అటూఇటూ ఊగిందో మీకే తెలుస్తుంది. అట్లా ఊగే బూతు దగ్గరికే వాళ్లు రెండుసార్లు వస్తారు.

వచ్చినప్పుడు ఏమి అడుగుతున్నాము? గుడి ముందర లైటు, సమావేశానికి షామియానా. 10 హెచ్.పి. దాకా మరమగ్గాలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చింది ఇప్పటి ప్రభుత్వం. నేకార సమ్మాన్ డబ్బు మొదలుపెట్టింది అంతకుముందు ప్రభుత్వం. రెండూ మంచివే. కానీ మీటరు యజమాని పేరు మీద ఉంటే కూలికి నేసేవాడికి ఆ కరెంటు లాభం చేతికి వస్తుందా? ఈ ప్రశ్న మూడు ఊళ్లలో, ముగ్గురు ఎమ్మెల్యేల దగ్గర, ఇద్దరు ఎంపీల దగ్గర ఒకే మాటగా అడగాలని నా కోరిక. యజమానులు కూడా ఇక్కడ కూర్చున్నారు, కోపం చేసుకోవద్దు. మీరూ ఒకప్పుడు గుంతలో కూర్చున్నవాళ్లే.

ఇంకొక్క మాట. దొడ్డబళ్లాపురానికో, ధర్మవరానికో పనికి పోయిన పిల్లల పేర్లు చాలా ఇళ్లలో పాత అడ్రసులోనే ఉన్నాయి. కొత్తగా చేర్చాలంటే ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8. మూడు ఊళ్ల ఓటర్ల జాబితాలు తెప్పించి అదిగో, ఆ మూల బల్ల మీద పెట్టినాము. వడ్డన మొదలయ్యేలోపు మీ ఇంటి పేర్లు ఒకసారి చూసుకోండి. కళ్లజోడు తేనివాళ్లకు మా కుర్రాళ్లు చదివి చెప్తారు.