కంచె చేను మేసినయెడల

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ మనగానే కావ్యములును, పురాణములును జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని చదువు ఒక్కొక్కప్పుడు ప్రాణమును గూడ కాపాడును. మందుచీటిపై నున్న ఒక్క మాటను పొరపాటుగా చదివినంతనే ప్రాణాపాయము కలిగించు సందర్భ మొకటి కలదు. ఆ మాట యేదో తెలియవలె ననిన, ముందుగా ఆ వ్యాధి తత్త్వము తెలియవలెను.

మన సూళ్లూరుపేట ప్రాంతమున కీళ్లు నొచ్చినచో అన్నిటిని వాత మనియే యందురు. కాని ముసలితనమున మోకాళ్లు అరిగి కలిగెడి నొప్పి వేరు. వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పిలిచెడి వ్యాధి వేరు. ఇది నడివయస్సువారికిని, అంతకు చిన్నవారికిని గూడ వచ్చును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లధికము. రెండు చేతుల వ్రేళ్ల కణుపులును ఒకే రీతిగా వాచును. ప్రొద్దుట లేచిన పిమ్మట గంటకు పైగా చేతులు బిగిసియుండును. వాకిట ముగ్గు పెట్టిన చేయి ముగ్గుపిండిని పట్టజాలదు. బిడ్డకు జడ వేసిన వ్రేళ్లు దువ్వెనను పట్టజాలవు. ఉపేక్షించినచో ఎముకలు కరగి, వ్రేళ్లు వంకరలు పోవును.

ఇంతటి హాని చేసిన శత్రువు ఎవ్వడు? బయటినుండి వచ్చినవాడు కాడు. శరీరమును కాపాడవలసిన సైన్యమే శరీరముపై పడినది. కంచె చేను మేసినది.

ఈ సంగతి ఎట్లు జరుగునో చూతము. మన రక్తమున తెల్లకణము లను రక్షకభటులు కలరు. క్రిమి యొకటి లోనికి చొచ్చినప్పుడు దానిని కనిపెట్టిన భటుడు కొన్ని సూక్ష్మమైన మాంసకృత్తులను వెలిగ్రక్కును. అవియే వార్తాహరులు. వానికి సైటోకైనులని పేరు. గ్రీకు భాషలో సైటో యనగా కణము, కైన్ యనగా చలనము. కణములను కదలించునవి యని భావము. పూర్వము ఊరిలో దొంగలు పడినప్పుడు తలారి వేసిన కేక వంటిది వీని పని. ఆ కేక వినినంతనే రక్తనాళములు సడలి దారి యిచ్చును, భటులు గుంపులుగా వత్తురు, ఆ చోటు ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచును. కేక మెదడునకు చేరినచో జ్వరము వచ్చును. కాలేయమునకు చేరినచో సి.ఆర్.పి. యను పదార్థము పుట్టును. రక్తపరీక్ష కాగితముపై వైద్యులు చూచెడి అంకె అదియే.

కేక వేయుట యెంత అవసరమో, దొంగ పోయిన పిమ్మట కేక ఆపుటయు అంత అవసరము. లేనిచో చీకటిలో పొరుగువాడే పొరుగువానిని కొట్టును. 1971వ సంవత్సరము నుండి మన శ్రీహరికోటలో రాకెట్లు ఎగురుచున్నవి. ఎగురుమను ఆజ్ఞతో బాటు ఆగుమను ఆజ్ఞయు లేకున్న అచ్చటి పని సాగునా?

భారతమున రెండు కథలు ఇందుకు సాటివచ్చును. మౌసల పర్వమున యాదవులు బయటి శత్రువు లేకయే తుంగపరకలతో తమవారిని తామే కూల్చుకొనిరి. సౌప్తిక పర్వమున అర్జునుడును అశ్వత్థామయు అస్త్రములను ప్రయోగించిరి. అర్జునుడు తన యస్త్రమును మరలించుకొనగలిగెను; అశ్వత్థామకు ప్రయోగము తెలియునుగాని ఉపసంహారము చేతకాలేదు. ఈ వ్యాధియందు శరీరము అశ్వత్థామ వంటిదగును.

కీలు లోపలి పలుచని పొరలో టి.ఎన్.ఎఫ్. అను వార్తాహరుడు కేక వేయును. అది విని ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనునవి గొంతు కలుపును. ఆ కేకకు మరికొందరు భటులు వచ్చి మరల టి.ఎన్.ఎఫ్.ను పుట్టింతురు. పొర దళసరియై మృదులాస్థిని ఆక్రమించును. ఎముకను తినెడి కణములు మేల్కొనును.

లండను నగరమున మార్క్ ఫెల్డ్‌మన్ అను శాస్త్రజ్ఞుడును, పంజాబులోని లూధియానాలో జన్మించిన రవీందర్ మైనీ అను వైద్యుడును ఈ గొలుసును పరిశోధించి, టి.ఎన్.ఎఫ్. ఒక్కదానిని అడ్డుకొన్నచో మిగిలిన కేకలును తగ్గునని కనుగొనిరి. 1992లో రోగులకు ఆ చికిత్స మొదలిడిరి. ఫలితము ఆశ్చర్యకరము. అయితే ఆ టి.ఎన్.ఎఫ్. క్షయక్రిములను చెరలో నుంచెడి కావలివాడు గూడ. కావున ఆ మందు నిచ్చుటకు ముందు క్షయ పరీక్ష చేయుదురు.

తెలుగువారి పాత్రయు స్వల్పము కాదు. కొత్తగూడెమునకు చెందిన కన్నెగంటి తిరుమలాదేవి అమెరికాలో సెయింట్ జూడ్ ఆసుపత్రియందు పరిశోధన చేయుచు, టి.ఎన్.ఎఫ్.యు, ఇంటర్‌ఫెరాన్-గామాయు జంటగా చేరినప్పుడు కణములు విపరీతముగా మరణించునని 2021లో ప్రకటించిరి. కోవిడు కాలమున విన్న సైటోకైను తుఫాను మర్మమును తెలిసికొనుటకు ఇది తోడ్పడినది.

అంతకు పూర్వమే 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కలరు. స్ప్రూ అను వ్యాధికి సోదరులను పోగొట్టుకొనిన ఆయన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకులైరి. ఆ ఆమ్లమునకు విరోధులైన మందులును ఆ శాలనుండియే వెలువడినవి. వానిలో మెథోట్రెక్సేట్ ఒకటి. రక్తపు పుట్టకురుపునకు పుట్టిన ఆ మందు, స్వల్పమాత్రలో కీళ్లసైన్యమును శాంతింపజేయునని తరువాత తేలినది. 1988లో అమెరికా ప్రభుత్వము ఈ వ్యాధికి దానిని అంగీకరించినది. 1948లోనే పరమపదించిన సుబ్బారావు దీనిని చూడలేదు. నేడు వైద్యులు సాధారణముగా మొదట వ్రాయునది ఆ మందే; దాని దోషము తగ్గుటకు తోడుగా వ్రాయునది ఫోలిక్ ఆమ్లము. విషమును విరుగుడును ఒకే యింట పుట్టినవి!

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వత్తము. ఈ వ్యాధికి మెథోట్రెక్సేట్ వారమున కొక్కదినము మాత్రమే పుచ్చుకొనవలెను. వారమున కొకసారి యని వ్రాసినదానిని దినమున కొకసారి యని చదివి మ్రింగినవారికి నోరు పుండ్లై, రక్తకణములు క్షీణించి, ప్రాణములు పోయిన సందర్భములు పెక్కు దేశములలో కలవు. గర్భవతులు దీనిని తాకరాదు. మద్యము కూడదు. నియమముగా రక్తపరీక్ష అవసరము. నొప్పి తగ్గినదని స్వయముగా మానరాదు. అంగడిలో అడిగి తెచ్చుకొన్న స్టెరాయిడ్ బిళ్లలతో కాలము గడపరాదు. చుట్టయు, బీడీయు ఈ వ్యాధికి దోహదములు. వాపు కనబడిన తొలినెలలలోనే వైద్యుని చేరినచో వ్రేళ్లు వంకర పోకుండ కాపాడవచ్చును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పాఠకులను తయారుచేసినది. ప్రతి పాఠకుడును చదువురాని పొరుగింటి అవ్వ మందుచీటిని ఒక్కమారు చదివి, "అవ్వా, ఇది వారానికొక్కసారే" అని చెప్పినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.