చదువుకున్నవారు కాదనాల్సిన చోటు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులందరికీ నా హృదయపూర్వక అభినందనలు. ఇంత సంతోషకరమైన వేళ జాతిహననం గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్‌సీలో, యూదుల నిర్మూలనకు ఏర్పాట్లు చర్చించడానికి 15 మంది నాజీ అధికారులు సమావేశమయ్యారు. వారిలో 8 మంది డాక్టరేట్ పొందినవారు. ఈ మాట పట్టభద్రుల ముందే చెప్పాలని నేననుకోవడానికి కారణం అదే.

1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జాతిహనన ఒడంబడికను ఆమోదించింది. నేరస్థులను శిక్షించడంతో పాటు, నేరం జరగకుండా చూడటం కూడా దేశాల విధేనని అందులో రాసుకున్నారు. అయినా కంబోడియా, రువాండా, బోస్నియాలోని స్రెబ్రెనిట్సా మారణకాండలు ఆ తర్వాతే జరిగాయి. చట్టం ఉండగా ఇది మళ్ళీ మళ్ళీ ఎందుకు జరిగింది? కత్తులు లేచాక ఆపవచ్చులే అనుకోవడం వల్లనే అని నా అభిప్రాయం. జాతిహననం ముందుగా కార్యాలయాల్లో, తరగతి గదుల్లో, ప్రసార కేంద్రాల్లో ఏళ్ల తరబడి తయారవుతుంది. దాన్ని అడ్డుకోవలసింది కూడా అక్కడే.

ఈ మారణకాండలకు మూలం అనాదిగా ఉన్న తెగల పగలు, వాటిని ఎవరు ఆపగలరు అనేవారున్నారు. రువాండా చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. అక్కడి రెండు ప్రధాన సమూహాలైన హుటూలు, టుట్సీలు ఒకే భాష మాట్లాడేవారు, ఒకే కొండల మీద ఇరుగుపొరుగుగా బతికేవారు, వియ్యమందుకునేవారు. 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డుల మీద తెగ పేరు రాయించారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ప్రభుత్వాలు ఆ గడిని తొలగించలేదు. 1994లో టుట్సీల ఊచకోత మొదలైనప్పుడు రోడ్ల మీద కాపు కాసిన హుటూ హంతకులు ఆ కార్డు చూసే ఎవరిని చంపాలో తేల్చుకున్నారు. అంతకు ముందు ఏడాది మొదలైన ఆర్‌టీఎల్‌ఎం రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచి, చంపడాన్ని శుభ్రం చేయడంగా చెవులకు అలవాటు చేసింది. దాని స్థాపకుల్లో ఒకడైన ఫెర్డినాండ్ నహిమానా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడు. ప్రజలను జాతిహననానికి పురిగొల్పిన నేరం అతని మీద అరుషాలో రువాండా జాతిహననాన్ని విచారించిన అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో రుజువైంది. దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది హతులయ్యారని ఐక్యరాజ్యసమితి అంచనా.

ప్రపంచం తెలియక ఊరుకుందని కూడా అనలేం. రువాండాలోని ఐక్యరాజ్యసమితి శాంతిసేన అధిపతి రోమియో డలైర్ జనవరి 11నే ఆయుధాల నిల్వల గురించి, టుట్సీల పేర్ల నమోదు గురించి న్యూయార్క్‌కు తంతి పంపాడు. ఆయుధాలు పట్టుకోవడానికి అనుమతి రాలేదు. హత్యలు సాగుతుండగానే ఏప్రిల్ 21న భద్రతామండలి ఆ సేనను 270 మందికి కుదించాలని తీర్మానించింది. రక్షణ పేరు చెప్పి బలమైన దేశాలు బలహీన దేశాల్లో సైనికంగా జోక్యం చేసుకుంటాయన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. 2011లో లిబియా మీద నాటో వైమానిక దాడులు చూశాక ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అందుకే సైన్యం అవసరం రాకముందే కదలాలి. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత కెన్యాలో తెగల మధ్య హింసకు వెయ్యిమందికి పైగా బలయ్యారు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంతో 2008 ఫిబ్రవరి 28న ప్రత్యర్థులు అధికారం పంచుకోవడానికి ఒప్పుకున్నారు, హింస సద్దుమణిగింది. విదేశీ సైన్యం అడుగుపెట్టలేదు.

ఇంత పెద్ద యంత్రాంగం ముందు ఒక్క మనిషి ఏం చేయగలడని మీరు అడగవచ్చు. రువాండాలోనే బుటారే ప్రాంత పాలనాధికారి జాన్ బాప్టిస్ట్ హబ్యాలిమానా తన ప్రాంతంలో మారణకాండ చెలరేగకుండా దాదాపు రెండు వారాలు నిలువరించాడు. ప్రభుత్వం ఆయన్ని తొలగించిన వెంటనే అక్కడా ఊచకోత మొదలైంది, తర్వాత ఆయన్నీ చంపేశారు. ఆయన ఒంటరిగా మిగిలాడు కనుక ఓడిపోయాడు. ప్రతి ప్రాంతంలోనూ అలాంటి అధికారి, ప్రతి రేడియోలోనూ అలాంటి సంపాదకుడు, ప్రతి బడిలోనూ అలాంటి ఉపాధ్యాయుడు ఉండి ఉంటే హంతకులకు పని సాగేది కాదు.

రేపటి నుంచి మీరు జాబితాలు తయారు చేస్తారు, వార్తలు రాస్తారు, పాఠాలు చెబుతారు, ఉత్తర్వుల మీద సంతకాలు పెడతారు. మనుషుల్ని పురుగులతో పోల్చే మాట మీ కలం నుంచి రానివ్వకండి. ఒక సమూహాన్ని విడదీసి గుర్తు పెట్టమనే ఉత్తర్వు మీ బల్ల మీదికి వస్తే, ఎందుకని అడగండి. జవాబు న్యాయంగా లేకపోతే సంతకం పెట్టకండి. మీ పక్కవాడు అలా నిరాకరించినప్పుడు అతన్ని ఒంటరిని చేయకండి. ఈ విశ్వవిద్యాలయం మీ నుంచి కోరవలసిన గురుదక్షిణ ఇదే.